గంజాయిపై ఓటు: అడగవలసింది ఎవరిని?

(తిరుపతిలో మైనారిటీ హక్కులపై జరిగిన చర్చాసభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేటి అంశం విని మన పెద్దలలో కొందరు నొచ్చుకున్నారు. పవిత్ర క్షేత్రమైన ఈ ఊరిలో, అందునా ముస్లింల సభలో, గంజాయి గురించి మాట్లాడవలసిన అవసరమేమిటని అడిగారు. వారి బాధను మేము గౌరవిస్తున్నాము. అయినా ఈ అంశాన్ని ఎంచుకోవడానికి రెండు ప్రశ్నలు కారణం.

మొదటి ప్రశ్న న్యాయశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిది. "అమెరికాలో ప్రజలు ఓటు వేసి గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారు. మనదీ ప్రజాస్వామ్యమే కదా, ఇక్కడ కూడా ప్రజలనే అడిగితే తప్పేమిటి?" అన్నాడతను. రెండవ ప్రశ్న ఒక తల్లిది. ఆమె కుమారుడు ఆటో నడిపేవాడు. ఒక రాత్రి రైల్వే స్టేషను వద్ద ఎక్కిన ప్రయాణికుడి సంచిలో గంజాయి పొట్లాలు దొరికాయి. ప్రయాణికుడు పారిపోయాడు, ఆటో నడిపేవాడు చిక్కాడు. బెయిలు వచ్చేసరికి ఎనిమిది నెలలయింది. అప్పు చేసి కొన్న ఆటో ఇంకా స్టేషను ఆవరణలో ఎండకు ఎండుతున్నది. "భాయ్, వాణ్ణి ఒక్క మాటైనా ఎవురూ అడగలేదే!" అని ఆమె మా ఎదుట కన్నీరు పెట్టుకున్నది. ఆ యువకుడు నిర్దోషి అని మేము తీర్పు చెప్పడం లేదు. అది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. కానీ విద్యార్థి కోరిన ఓటుకూ, తల్లి చెప్పిన మాటకూ సంబంధం ఉన్నదని మాకు తోచింది. ఆ సంబంధాన్ని మీ ముందు ఉంచడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా విదేశాలలో జరిగిన ఓట్ల సంగతి. అమెరికాలోని కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు 2012 నవంబరులో ఇంచుమించు 55 శాతం ఓట్లతో, ఆనందం కోసం గంజాయి వాడుకోవడాన్ని పెద్దలకు చట్టబద్ధం చేశారు. మన తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో 2010లో ఇదే ప్రతిపాదన ఓడిపోయి, 2016లో 57 శాతం ఓట్లతో నెగ్గింది. ఫ్లోరిడాలో 2024లో 56 శాతం మంది అనుకూలంగా ఓటు వేసినా, ఆ రాష్ట్ర రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి కనుక ప్రతిపాదన వీగిపోయింది. న్యూజిలాండ్‌లో 2020 అక్టోబరులో దేశమంతటా ఓటు జరిగింది. 50.7 శాతం మంది వద్దన్నారు, 48.4 శాతం మంది కావాలన్నారు.

న్యూజిలాండ్ ఓటును మనం కొంచెం నిలిచి చూడాలి. అక్కడి ఆదివాసులైన మావోరీలు జనాభాలో సుమారు ఆరవ వంతు. గంజాయి కేసులలో మాత్రం వారు తమ జనాభా నిష్పత్తికి మించి అరెస్టవుతున్నారన్నది ఆ చర్చలో ప్రధానంగా వినిపించిన మాట. అమెరికాలోనూ అంతే. తెల్లవారు, నల్లవారు గంజాయి వాడే తీరులో పెద్ద తేడా లేకున్నా, గంజాయి కలిగి ఉన్నారన్న నేరంపై నల్లవారు అరెస్టయ్యే అవకాశం మూడున్నర రెట్లకు పైగా ఉన్నదని అక్కడి పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ 2020లో వెల్లడించింది. అంటే చట్టం బరువు ఎక్కువగా మోసేది ఒక చిన్న వర్గం, ఆ చట్టం ఉండాలా వద్దా అని తేల్చేది ఆ బరువు అంతగా తెలియని మెజారిటీ. అవునన్నా కాదన్నా ఆ ఓటులో ఈ లోపం ఉండనే ఉన్నది. మైనారిటీలుగా మనం మొదట గమనించవలసింది దీనినే.

కాలిఫోర్నియా ప్రతిపాదనలో మెచ్చుకోదగిన అంశం ఒకటున్నది. పాత గంజాయి కేసులలో శిక్షపడినవారు ఆ శిక్షను తగ్గించమనీ, రికార్డును చెరిపివేయమనీ కోర్టును కోరవచ్చునని అందులోనే రాశారు. దుకాణం తెరవడంతో సరిపెట్టక, దెబ్బతిన్నవారిని కూడా తలచుకున్నారు. అయితే అక్కడ కూడా ఓటు లేనివారు మిగిలిపోయారు. ఉద్యోగ వీసాపై వెళ్లిన మన తెలుగు పిల్లల సంగతే తీసుకోండి. రాష్ట్ర చట్టం అనుమతించినా కేంద్ర చట్టం ప్రకారం గంజాయి నేరమే కనుక, విదేశీయులు దానిని వాడినట్లు ఒప్పుకున్నా వారి వీసాకూ పౌరసత్వానికీ ముప్పు రావచ్చు. పొరుగింటి పౌరుడికి స్వేచ్ఛనిచ్చిన ఓటు, పక్కనే అద్దెకున్న మన పిల్లవాడికి ఉచ్చుగా మారగలదు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ మాట వారికి తప్పక చెప్పాలి.

ఇక మన ఇంటి సంగతి. మన రాజ్యాంగంలో ఇటువంటి ప్రజాభిప్రాయ ఓటుకు ఏర్పాటు లేదు. కానీ మత్తు పదార్థంపై ప్రజలు తీర్పు చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. మన పొరుగు జిల్లా నెల్లూరులోని దూబగుంటలో, అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న పేద స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరు ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానమయింది. ఎన్.టి. రామారావు గారు ప్రమాణస్వీకార వేదిక మీదనే ఆ ఫైలుపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుండి నిషేధం అమలులోకి వచ్చింది. పేరుకు అది సాధారణ ఎన్నికే, కానీ కూలి డబ్బు సారా దుకాణానికి పోకుండా చూడాలని క్యూలలో నిలిచిన తల్లులకు మాత్రం అది మద్యంపై ఓటే. ఆ తల్లులలో మన తల్లులు కూడా ఉన్నారు.

తరువాత ఏమయింది? రెండేళ్లు దాటగానే, 1997లో నిషేధాన్ని ఎత్తివేశారు. ఖజానాకు ఆబ్కారీ ఆదాయం కావాలన్నారు. ఎత్తివేసే ముందు ఆ తల్లులను ఎవరూ అడగలేదు. 2019లో మరొక పార్టీ దశలవారీ మద్యనిషేధం చేస్తామని చెప్పి 175 స్థానాలలో 151 గెలిచింది. ఐదేళ్లకు దుకాణాల యాజమాన్యం ప్రభుత్వానికి మారిందే తప్ప నిషేధం రాలేదు. 2024లో ప్రభుత్వం మారాక దుకాణాలు మళ్లీ ప్రైవేటు వారి చేతికి వెళ్లాయి. ఏ ఒక్క పార్టీనో నిందించడానికి మేము ఇది చెప్పడం లేదు. మత్తు అమ్మకం ఒకసారి ఖజానాకు ఆదాయమయితే, ప్రజల ఓటుకన్నా ఆ ఆదాయమే గట్టిగా మాట్లాడుతుందన్నది మన రాష్ట్రం 30 ఏళ్లుగా చూస్తున్న అనుభవం. గంజాయిని చట్టబద్ధం చేస్తే పన్నుల ఆదాయం వస్తుందని చెప్పే మిత్రులకు మా మొదటి జవాబు ఇదే. ఆ ఆదాయం రుచి మరిగిన ప్రభుత్వం, రేపు ప్రజలు వద్దన్నా దుకాణం మూయదు.

ఓటు నిజంగా పనిచేసిన చోటు లేకపోలేదు. మహారాష్ట్రలో గ్రామ మహిళలు కోరితే మద్యం దుకాణంపై రహస్య ఓటు నిర్వహిస్తారు. బ్యాలెట్టుపై రెండు సీసాల బొమ్మలుంటాయి, ఒకటి నిలబడినది, రెండవది అడ్డంగా పడినది. మహిళా ఓటర్లలో సగానికి మించి పడిన సీసాకు ఓటు వేస్తే దుకాణం మూతపడుతుంది. అక్కడ ఓటు వేసేది ఆ సీసా వల్ల దెబ్బలు తిన్నవారే. అందుకే ఆ ఓటుకు విలువ.

ఇప్పుడు గంజాయి చట్టం వద్దకు వద్దాము. దీనిని గురించి మన ప్రాంత ప్రజలను ఎవరైనా, ఎప్పుడైనా అడిగారా? బ్రిటిషు ప్రభుత్వం 1893లో గంజాయిపై విచారణకు ఒక సంఘాన్ని నియమించింది. అది వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి 1894లో నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్దగా హాని లేదనీ, అతిగా వాడితే హాని ఉన్నదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ, పన్నులతో అదుపు చేస్తే చాలుననీ తేల్చింది. సాధువులలోనూ, ఫకీరులలోనూ ఈ అలవాటు ఉన్నదని ఆ నివేదిక నమోదు చేసింది. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టనే లేదు. చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉండేది. ఆ విచారణలో ఎందరు మాట్లాడినా, చివరి నిర్ణయం పరాయి ప్రభుత్వానిదే. ఆ తరువాత 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. దాని గడువును అనుసరించి 1985లో మన పార్లమెంటు మాదకద్రవ్యాల చట్టాన్ని చేసింది. 2020 డిసెంబరులో వియన్నాలో జరిగిన ఐక్యరాజ్యసమితి ఓటింగులో, గంజాయిని అతి ప్రమాదకర మాదకద్రవ్యాల జాబితా నుండి తొలగించడానికి భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. ఆ ఓటు సంగతి మన ఊళ్లలో ఎందరికి తెలుసు?

ఈ చట్టం ఎలా పనిచేస్తుందో ప్రతి కుటుంబానికీ తెలియాలి. గంజాయి మొక్క పూత, కాయ భాగాలను చట్టం గంజాయి అంటుంది. ఆకును వేరుగా తీస్తే అది గంజాయి కాదు. ఉత్తరాదిన పండుగలలో తాగే భంగుకు దారి ఉన్నది ఇందువల్లనే. ఒక సమాజపు ఆచారాన్ని చట్టం గుర్తించింది, దానిపై మాకు అభ్యంతరం లేదు. గుర్తింపు అక్కడితో ఆగిపోయిందనే మా బాధ. కిలో వరకు గంజాయి దొరికితే ఏడాది వరకు జైలు గానీ, 10 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. కిలో దాటితే, 20 కిలోలకు లోపు అయినా, పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, కనీసం లక్ష రూపాయల జరిమానా. ఈ చివరి తరగతి కేసులలో 37వ సెక్షను ప్రకారం, నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు తోస్తే తప్ప బెయిలు రాదు. సరుకు ఎవరి అధీనంలో దొరికిందో, అది వారికి తెలిసే ఉన్నదని చట్టం ముందుగా ఊహిస్తుంది. తెలియదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. సంచిలో ఏమున్నదో తెలియదని ఆటో నడిపేవాడు దేనితో రుజువు చేస్తాడు?

ఈ జిల్లాల భౌగోళిక స్థితిని కూడా తలచుకోండి. విశాఖ మన్యంలో, ఒడిశా సరిహద్దులో పండిన గంజాయి చెన్నైకి, బెంగళూరుకు పోయే దారులు మన రేణిగుంట, తిరుపతి, చిత్తూరు, పలమనేరు మీదుగా వెళతాయి. 2021 చివర మొదలైన 'ఆపరేషన్ పరివర్తన'లో పోలీసులు మన్యంలో 7 వేల ఎకరాలకు పైగా పంటను నరికివేశామన్నారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. 2024లో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఈ ప్రయత్నాలను మేము తప్పుపట్టడం లేదు. అయితే ఆ దారి పొడవునా పట్టుబడేవారు ఎక్కువగా ఎవరు? మన్యంలో అప్పు తీర్చలేక మొక్క నాటిన గిరిజనుడు, కూలికి సంచి మోసిన కుర్రవాడు, బాడుగకు బండి తోలిన డ్రైవరు. పెట్టుబడి పెట్టినవాడు బండిలో ఉండడు.

ఇది మన శేషాచలానికి తెలియని కథ కాదు. ఎర్రచందనం ఏ దేశాలకు పోతున్నదో, లాభం ఎవరి ఇంటికి చేరుతున్నదో మనందరం వింటూనే ఉన్నాము. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసు కాల్పులలో మరణించిన 20 మంది మాత్రం తమిళనాడు నుండి గొడ్డలి పట్టుకొని వచ్చిన కూలీలు.

పట్టుబడినవారికి మరొక నష్టం కూడా ఉన్నది. ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షను ప్రకారం జైలులో ఉన్నవారు ఓటు వేయలేరు. శిక్షపడినవారే కాదు, విచారణ ఖైదీలు కూడా వేయలేరు. మన దేశపు జైళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. 2011 జనాభా లెక్కలలో ముస్లింలు 14.2 శాతం. విచారణ ఖైదీలలో మన వాటా అంతకంటే ఎక్కువని జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించే జైలు గణాంకాలు చెబుతున్నాయి. రేపు గంజాయిపై దేశమంతటా ఓటు పెట్టారనుకోండి. ఆ తల్లి కొడుకు వంటివారికి ఆ రోజు ఓటు ఉండదు. చట్టం రుచి చూసినవారిని బయట ఉంచి, చూడనివారిని అడిగే ఓటు అది. విద్యార్థి మిత్రునికి మా జవాబు ఇది: ప్రజలను అడగడం మంచిదే, కానీ దెబ్బతిన్నవాణ్ణి ముందు అడిగిన తరువాత మిగిలినవారిని అడగాలి.

ఇక మన ధర్మం సంగతి. మత్తు కలిగించే ప్రతి వస్తువూ నిషిద్ధమన్నది ప్రవక్త (స) బోధ. ఇందులో మాకు సందేహం లేదు, రాజీ లేదు. దివ్యఖుర్ఆన్ మద్యంలో కొంత ప్రయోజనం కూడా ఉన్నదని ఒప్పుకొని, హాని అంతకంటే పెద్దదని చెప్పి, మెట్టుమెట్టుగా ప్రజలను నిషేధం వద్దకు నడిపించింది. నడిపించడానికి సమయం తీసుకున్నదని గమనించండి. హషీష్ విషయంలో మన పండితులు 700 ఏళ్ల క్రితమే చర్చించారు. ఇబ్ను తైమియా దానికి మద్యపానానికి విధించే శిక్షే విధించాలన్నారు. మాలికీ పండితుడు ఖరాఫీ అది తప్పేనంటూనే, ఆ నిర్ణీత శిక్ష దీనికి వర్తించదనీ, న్యాయాధిపతి విచక్షణకు వదలాలనీ అన్నారు. హరామ్ అని ఇద్దరూ ఒప్పుకున్నారు, ఎంత శిక్ష అన్న దగ్గర విభేదించారు. ఈ రెండు ప్రశ్నలూ వేరన్న వివేకం మన సంప్రదాయంలోనే ఉన్నది.

ఖలీఫా ఉమర్ (రజి) గురించి ప్రసిద్ధమైన ఒక కథనం ఉన్నది. రాత్రి గస్తీలో ఒక ఇంటిలో సందడి విని, ఆయన గోడ దూకి లోపలికి వెళ్లి, తాగుతున్న మనిషిని పట్టుకున్నారు. "నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు. కూపీ తీశారు, ద్వారం విడిచి గోడ దూకారు, అనుమతి లేకుండా ప్రవేశించారు" అన్నాడట ఆ మనిషి. ఉమర్ ఆ మాటను ఒప్పుకొని వెనుదిరిగారని చెబుతారు. తప్పును తప్పని చెప్పే ధర్మమే, ఆ తప్పును పట్టుకునే చేతికి కూడా హద్దు గీసింది.

ఈ సందర్భంలో మనసు నొప్పించే విషయం ఒకటి చెప్పక తప్పదు. 2021 సెప్టెంబరులో కేరళలో ఒక మతాధిపతి 'నార్కోటిక్ జిహాద్' అన్న మాట వాడారు. మత్తును ఏ మతం నిషేధించిందో, ఆ మతం వారే మత్తును ఆయుధంగా వాడుతున్నారన్న నింద అది. ఇటువంటి నిందకు భయపడి మనలో కొందరు అరెస్టయిన పిల్లవాడి ఇంటివైపు చూడడం మానేస్తున్నారు. పెళ్లి సంబంధాలు తెగిపోతున్నాయి. వాడి తరఫున వకీలును పెడితే మనకూ మచ్చ అంటుతుందన్న జంకు. ఇది న్యాయం కాదు. నేరం చేసినవాణ్ణి సమర్థించమని మేము అనడం లేదు. న్యాయవిచారణ హక్కు నేరస్థుడికి కూడా ఉన్నదని మాత్రమే అంటున్నాము.

కనుక మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాము. గంజాయి దుకాణాలు మన వీధులలో తెరవాలని మేము కోరడం లేదు. ఓటు పెడితే అటువంటి దుకాణానికి వ్యతిరేకంగానే వేస్తాము. థాయిలాండ్ 2022లో గంజాయిని విడుదల చేసి, మూడేళ్లకే వైద్యావసరాలకు పరిమితం చేయవలసి వచ్చింది. తొందరపాటుకు అది హెచ్చరిక. కానీ దుకాణం వద్దన్నంత గట్టిగా, ఇప్పటి చట్టం నడుస్తున్న తీరు మారాలని కూడా అంటాము. తక్కువ మోతాదుతో దొరికిన వ్యసనపరుణ్ణి జైలుకు బదులు చికిత్సకు పంపాలి. స్వయంగా చికిత్సకు ముందుకు వచ్చినవారిపై విచారణ జరపరాదన్న 64-ఎ సెక్షను, ప్రొబేషనుపై చికిత్సకు విడిచిపెట్టవచ్చునన్న 39వ సెక్షను ఇప్పటికే చట్టంలో ఉన్నాయి. వాటిని వాడాలి. కూలికీ పెట్టుబడిదారుకూ శిక్షలో తేడా ఉండాలి. సంచి బరువు ఒక్కటే కొలత కారాదు.

ప్రభుత్వాన్ని అడుగుతూ, మన పని మనం చేయాలి. ఒంటిపై సోదా చేసేటప్పుడు గెజిటెడు అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట జరపమని కోరే హక్కు 50వ సెక్షనులో ఉన్నదని ఆటో స్టాండులలో చెప్పండి. అధికారులకు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలంపై శిక్ష వేయరాదని సుప్రీంకోర్టు 2020లో తూఫాన్ సింగ్ కేసులో చెప్పింది. పట్టుబడిన వాహనాన్ని విచారణ ముగిసేలోగా షరతులపై విడుదల చేయడానికి ఈ చట్టంలో అడ్డు లేదని 2025 జనవరిలో చెప్పింది. వకీలుకు డబ్బు లేని కుటుంబం 15100కు ఫోను చేస్తే న్యాయసేవాధికార సంస్థ నుండి ఉచిత సహాయం పొందవచ్చు. వ్యసనం నుండి బయటపడగోరేవారికి 14446 ఉన్నది. గంజాయి అమ్మకం కనిపిస్తే 1972కు చెప్పండి. ఈ నాలుగు మాటలూ శుక్రవారం నమాజు తరువాత ప్రతి మసీదులో చెప్పవలసినవని మా మనవి. గంజాయి తాగిన పిల్లవాణ్ణి మసీదు మెట్ల మీద నుండి తరిమితే, వాణ్ణి పిలిచి కూర్చోబెట్టుకునేది ఆ సరుకు అమ్మేవాడే.

ఆ తల్లి ఈ రోజు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. పేరు చెప్పి ఆమెను నొప్పించము. అమ్మా, మీ బిడ్డను ఎవరూ అడగలేదన్నారు. వచ్చే వాయిదాకు మాలో కొందరం మీతో కోర్టుకు వస్తాము. వకీలును మాట్లాడాము. ఆటో విడుదలకు దరఖాస్తు కూడా సిద్ధమవుతున్నది.